ముగ్గురాయి – ఎక్స్-రే తెర



డోన్ నుంచి బేతంచెర్ల దారి పట్టినా, ప్యాపిలి వైపు వెళ్లినా, వెల్దుర్తి మీదుగా కర్నూలు పోయినా రోడ్డు పక్కన రాతి పని కనబడుతూనే ఉంటుంది. ఒకచోట నాపరాళ్లు కోస్తుంటారు, ఇంకోచోట బలపం రాయి లారీకెత్తుతుంటారు, మరోచోట తెల్లటి దుమ్ము లేపుతూ పౌడరు మిల్లు ఆడుతుంటుంది. ఈ సీమలో దొరికే రాళ్లలో ముగ్గురాయి ఒకటి. చదువుకున్నవాళ్లు దాన్ని బెరైటీస్ అంటారు. చూపుకు మామూలు తెల్లరాయే. ఎత్తితేనే దాని సంగతి తెలుస్తుంది. నాపరాయి నీటి కంటే సుమారు 2.7 రెట్లు బరువైతే, ముగ్గురాయి 4.5 రెట్లు. తట్ట అదే, రాయి మారితే మోసేవాడి మెడకు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఈ రోజు నేను చెప్పబోయేది ఎక్స్-రే గురించి. మరి ముగ్గురాయి ఊసెందుకంటారా? ఎక్స్-కిరణాన్ని లోకానికి మొట్టమొదట పట్టిచ్చింది బేరియం కలిసిన ఒక పొడి. ఆ బేరియం మనిషికి ఎక్కువగా దొరికేది ముగ్గురాయిలోనే. ఎక్స్-రే అనగానే కిరణం గుర్తొస్తుంది, దాన్ని కనిపెట్టిన రాంట్‌జెన్ గుర్తొస్తాడు. కంటికి ఆనని ఆ కిరణాన్ని ఆపి, వెలుగుగా మార్చి చూపించిన పొడులను మాత్రం ఎవరూ తలుచుకోరు. 130 ఏళ్ల ఎక్స్-రే చరిత్రలో సగం ఆ పొడులదే.

ముగ్గురాయికీ వెలుగుకూ చుట్టరికం ఎక్స్-రే కంటే చాలా పాతది. 17వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇటలీలోని బొలోన్యా ఊళ్లో విన్చెంజో కాషరోలో అనే చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. రసవాదం మీద మోజు. దగ్గర్లోని కొండ మీద దొరికిన బరువైన రాళ్లలో బంగారమో వెండో ఉంటుందని ఆశపడి, బొగ్గుతో కలిపి బాగా కాల్చాడు. బంగారం రాలేదు. కాలిన ఆ రాయిని పగలు ఎండలో పెట్టి రాత్రి చీకట్లోకి తెస్తే మాత్రం ఎర్రగా వెలిగింది. యూరప్‌లోని పండితులంతా ఆ రాయిని వింతగా చెప్పుకున్నారు. ఆ రాయి మన ముగ్గురాయే. బొగ్గుతో కాల్చినప్పుడు అందులోని బేరియం సల్ఫేటు బేరియం సల్ఫైడుగా మారింది. మనిషి చేతులతో తయారైన వెలిగే పదార్థాల్లో చరిత్రకెక్కిన మొదటిది అదే. ఆ రాతిలో కొత్త పదార్థమేదో ఉందని 1774లో రసాయన శాస్త్రవేత్త షీలే గుర్తించాడు, 1808లో హంఫ్రీ డేవీ బేరియం లోహాన్ని వేరుచేశాడు.

ఇక 1895కు వద్దాం. నవంబరు 8, శుక్రవారం సాయంత్రం. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ కొన్రాడ్ రాంట్‌జెన్ తన ప్రయోగశాలలో ఒంటరిగా పని చేసుకుంటున్నాడు. గాలి తీసేసిన గాజు గొట్టంలోకి ఎక్కువ వోల్టేజీ విద్యుత్తు పంపితే ఏమవుతుందో చూడడం ఆనాటి భౌతిక శాస్త్రవేత్తలకు ఇష్టమైన పని. గొట్టంలోంచి మామూలు వెలుతురు బయటికి రాకుండా ఆయన చుట్టూ నల్లటి అట్ట చుట్టాడు, గది చీకటి చేశాడు. అయినా కొంచెం దూరంలో ఉన్న ఒక కాగితం ఆకుపచ్చగా మెరిసింది. ఆ కాగితానికి బేరియం ప్లాటినోసైనైడ్ అనే పొడి పూసి ఉంది. విద్యుత్తు ఆపితే మెరుపు ఆగింది, మళ్లీ ఇస్తే మళ్లీ మెరిసింది. కాగితాన్ని 2 మీటర్ల దూరం జరిపినా వెలుగుతూనే ఉంది. గొట్టంలోని కాథోడ్ కిరణాలు గాలిలో కొద్ది సెంటీమీటర్లు మించి పోవని అప్పటికే తెలుసు. కాబట్టి ఇది ఇంకేదో కిరణం. గణితంలో తెలియని రాశికి పెట్టే ఎక్స్ అక్షరాన్నే దానికి పేరు పెట్టాడు.

ఆ పొడి ఎందుకు వెలిగింది? రెండు పనులు వరుసగా జరగాలి. మొదటిది, కిరణం ఆగాలి. పదార్థంలోంచి కిరణం నేరుగా దూసుకుపోతే అక్కడ ఏమీ జరగదు. ఎక్స్-కిరణాన్ని ఆపే శక్తి పరమాణు సంఖ్యతో పాటు చాలా వేగంగా పెరుగుతుంది, ఇంచుమించు దాని ఘనం లెక్కన. మన మాంసంలో ఎక్కువగా ఉండే కార్బన్ పరమాణు సంఖ్య 6, ఆక్సిజన్‌ది 8. ఎముకలోని కాల్షియంది 20. అందుకే ఎముక తెల్లగా, మాంసం బూడిద రంగులో కనిపిస్తాయి. బేరియంది 56, ప్లాటినంది 78, సీసానిది 82. సన్నకన్ను జల్లెడలో నూకలు ఆగినట్టు, ఇలాంటి బరువైన పరమాణువుల దగ్గర కిరణం ఆగిపోతుంది.

రెండోది, ఆగిన కిరణం తన శక్తిని వెలుగుగా ఇవ్వాలి. కిరణం తగిలిన స్ఫటికంలో ఎలక్ట్రాన్లు పై స్థాయికి ఎగిసి, తిరిగి కిందికి దిగుతూ ఆ శక్తిని కంటికి కనబడే వెలుగుగా విడిచిపెడతాయి. దీన్నే ప్రతిదీప్తి అంటాం. ఒక్క ఎక్స్-రే కణం ఆగితే మంచి పొడిలో వందల కొద్దీ వెలుగు కణాలు పుడతాయి. ఈ గుణం అన్ని పదార్థాలకూ ఉండదు. సీసం కిరణాన్ని ఆపుతుంది కానీ వెలగదు. కొన్ని వెలుగుతాయి కానీ కిరణాన్ని ఆపలేవు. బేరియం ప్లాటినోసైనైడ్‌కు రెండూ ఉన్నాయి.

రాంట్‌జెన్ కంటే ముందే ఇలాంటి గొట్టాలతో ఎంతోమంది పని చేశారు. వాళ్లలో ఫిలిప్ లెనార్డ్ ముఖ్యుడు. కాథోడ్ కిరణాలను గొట్టం నుంచి బయటికి తెచ్చి పరీక్షించినవాడు ఆయనే. ఆయన వాడిన కాగితానికి మాత్రం కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో తయారైన ఒక కర్బన రసాయనం పూసి ఉండేది. కాథోడ్ కిరణాలకు అది చక్కగా వెలిగేది. ఎక్స్-కిరణాలను ఆపేంత బరువైన పరమాణువులు అందులో లేవు. ఎక్స్-కిరణాలు ఆయన గదిలోనూ పుట్టే ఉంటాయి, వాటిని చూపించే పొడే అక్కడ లేదు. ఇద్దరు శాస్త్రవేత్తల అదృష్టం మధ్య తేడా తేవడానికి కాగితానికి పూసిన పూత ఒక్కటి చాలింది.

ఆ తర్వాత ఏడు వారాలు రాంట్‌జెన్ ఆ గదిలోనే గడిపాడు. వెయ్యి పేజీల పుస్తకం అడ్డుపెట్టి చూశాడు, కిరణం దాటిపోయింది. చెక్క పెట్టాడు, అల్యూమినియం రేకు పెట్టాడు, దాటింది. మిల్లీమీటరున్నర మందం సీసం పెడితే ఆగింది. డిసెంబరు 22న భార్య అన్నా బెర్తా చేతిని ఫోటో పలక మీద పెట్టించి ఎముకలు, వేలి ఉంగరం కనిపించే బొమ్మ తీశాడు. డిసెంబరు 28న తన వ్యాసాన్ని అక్కడి శాస్త్ర సంఘానికి అందించాడు. ఏ పదార్థాలు ఈ కిరణానికి వెలుగుతాయో కూడా అందులో చెప్పాడు. యురేనియం కలిసిన గాజు, మామూలు గాజు, రాతి ఉప్పు, కాల్సైటు. ఈ కాల్సైటు ఏమిటనుకుంటున్నారు? మన బేతంచెర్ల నాపరాయిలోనూ, కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహల సున్నపురాతిలోనూ ఉండే ఖనిజం అదే.

1896 జనవరి మొదటి వారంలో వార్త వియన్నా పత్రికకు ఎక్కింది. నెల తిరక్కుండా ప్రపంచమంతా పాకింది. రాంట్‌జెన్ తన ఆవిష్కరణకు పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతిక శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వస్తే ఆ డబ్బును వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికే ఇచ్చేశాడు. పేటెంటు లేకపోవడంతో గొట్టం, దానికి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్ ఉన్న ప్రతివాడూ ఎక్స్-రే తీసేవాడే అయ్యాడు. 1897–98లో బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దులో జరిగిన తీరా దండయాత్రలోనే బ్రిటిష్ సైనిక వైద్యుడు బీవర్ ఈ యంత్రాన్ని వెంట తీసుకెళ్లి, సైనికుల ఒంట్లో దిగిన తూటాలు ఎక్కడున్నాయో చూశాడు. ఆవిష్కరణ జరిగి అప్పటికి రెండేళ్లే.

కిరణం దొరికింది. ఇక వెతుకులాట మంచి పొడి కోసం. ఫోటో పలక మీద బొమ్మ తీయాలంటే నిమిషాల తరబడి, కొన్నిసార్లు గంట దాకా రోగి కదలకుండా ఉండాలి. చెయ్యి సరే, ఊపిరి తీసే రొమ్మును అంతసేపు కదలకుండా ఎలా ఉంచుతారు? తెర మీద నేరుగా చూద్దామంటే బేరియం ప్లాటినోసైనైడ్‌లో ప్లాటినం ఉంది, ధర మండిపోతుంది. అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ తన అలవాటు ప్రకారం దొరికిన ప్రతి లవణాన్నీ కిరణం కింద పెట్టి చూడడం మొదలుపెట్టాడు. వందల కొద్దీ పరీక్షించాక 1896 మార్చి నాటికి కాల్షియం టంగ్‌స్టేట్ దగ్గర ఆగాడు. టంగ్‌స్టన్ పరమాణు సంఖ్య 74. ప్లాటినంకు దగ్గరే, ధర మాత్రం చాలా తక్కువ. ఆ మే నెలలో న్యూయార్క్ విద్యుత్ ప్రదర్శనలో జనం వరుస కట్టి తమ చేతి ఎముకలు తామే చూసుకున్నారు.

ఇంకో తెలివైన ఆలోచన మైకేల్ పుపిన్‌ది. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయనకు నిండా తుపాకీ రవ్వలు దిగిన ఒక చేతిని ఫోటో తీయాల్సి వచ్చింది. రోగి నొప్పితో ఎక్కువసేపు నిలవలేడు. పుపిన్ ఎడిసన్ పంపిన వెలిగే తెరను ఫోటో పలకకు ఆనించి పెట్టాడు. కిరణం పలకకు నేరుగా చేసే పని తక్కువ, తెర ఇచ్చే వెలుగు చేసే పని ఎక్కువ. గంట పట్టాల్సిన బొమ్మ సెకన్లలో వచ్చింది. ఆ తర్వాత నూరేళ్ల పాటు ఆసుపత్రుల్లో తీసిన ఎక్స్-రే ఫిల్ముల్లో చాలావాటికి ఆధారం ఆ కిటుకే. ఫిల్ము పెట్టే క్యాసెట్ తెరిస్తే లోపల రెండు వైపులా తెల్లటి తెరలు కనిపించేవి. వాటి మీద ఉన్నది చాలా ఏళ్ల పాటు ఆ కాల్షియం టంగ్‌స్టేటే.

అదే 1896లో ఈ పొడులు ఇంకో తలుపు కూడా తెరిచాయి. ఎక్స్-కిరణం పుట్టే గాజు గొట్టం గోడ వెలుగుతుంది కదా, వెలిగే పదార్థాలన్నీ ఎక్స్-కిరణాలు విడుస్తాయేమోనని పారిస్‌లో ఒక ఊహ బయల్దేరింది. హెన్రీ బెకరెల్ దాన్ని పరీక్షించడానికి ఎండకు వెలిగే యురేనియం లవణం తీసుకున్నాడు. మబ్బు పట్టి ఎండ రాలేదు. లవణాన్నీ, నల్ల కాగితంలో చుట్టిన పలకనూ సొరుగులో పెట్టేశాడు. మార్చి 1న పలకను కడిగి చూస్తే ఎండ తగలకపోయినా బొమ్మ పడింది. ఊహ తప్పని తేలింది, రేడియోధార్మికత బయటపడింది.

ఇంత సంబరంలో ఒక సంగతి ఎవరికీ పట్టలేదు. కిరణం కంటికి కనబడదు, ఒంటికి తెలియదు. రోజూ తన చేతినే తెర ముందు పెట్టి గొట్టం బాగా పనిచేస్తోందో లేదో చూసుకునేవాళ్లు ఆనాటి నిపుణులు. ఎడిసన్ దగ్గర గాజు పని చేసే క్లారెన్స్ డాలీ అలాగే చేశాడు. ముందు చర్మం కమిలింది, పుండ్లు పడ్డాయి, క్యాన్సరు సోకింది, చేతులు తీసేశారు. 1904లో 39 ఏళ్లకే చనిపోయాడు. ఎడిసన్ ఎక్స్-రే పని పూర్తిగా వదిలేశాడు. ఇలా ప్రాణాలిచ్చిన డాక్టర్లకు, సాంకేతిక నిపుణులకు 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో స్మారక స్తంభం కట్టారు. మొదట చెక్కిన పేర్లు 169.

కిరణం ఎంత తగిలిందో కొలిచే పనిముట్టు కూడా తొలి రోజుల్లో వెలిగే పొడే అయింది. బేరియం ప్లాటినోసైనైడ్‌కు ఒక లోపం ఉంది. ఎక్కువసేపు ఎక్స్-రే తగిలితే దాని ఆకుపచ్చ రంగు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. 1904లో పారిస్ చర్మవైద్యులు సబురో, న్వారే ఈ లోపాన్నే కొలతగా వాడుకున్నారు. ఆ పొడితో చిన్న బిళ్లలు చేసి గొట్టానికీ చర్మానికీ మధ్య పెట్టేవాళ్లు. పిల్లల తలలో తామరకు ఎక్స్-రే వైద్యం చేసేటప్పుడు బిళ్ల రంగు ఒక గుర్తు దాకా మారగానే యంత్రం ఆపేసేవాళ్లు. గడియారం చూసి అంచనా వేయడం కంటే అది నయం. నేడు ఆ జబ్బుకు ఆ వైద్యం ఎవరూ చేయరు.

బేరియం కథ తెర దగ్గరే ఆగలేదు, కడుపులోకి కూడా దిగింది. ఎముక ఎక్స్-రేలో కనిపిస్తుంది. అన్నవాహిక, జీర్ణాశయం, పేగులు మెత్తటి కండరాలు కాబట్టి కనబడవు. 1896 చివర్లో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే విద్యార్థి జంతువులకు బిస్మత్ కలిపిన మేత పెట్టి, అది గొంతు నుంచి ఎలా దిగుతుందో వెలిగే తెర మీద చూశాడు. మనుషులకూ అదే వాడారు. అయితే అప్పుడు వాడిన బిస్మత్ లవణం కొందరికి విషమైంది. 1910లో జర్మనీలో బాహెమ్, గుంటర్ అనే ఇద్దరు వైద్యులు శుద్ధమైన బేరియం సల్ఫేటు వాడవచ్చని చూపించారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బేరియం లవణాలు చాలావరకు విషం. బేరియం కార్బొనేట్‌ను ఎలుకల మందుగా వాడేవాళ్లు. బేరియం సల్ఫేటు మాత్రం నీళ్లలో గానీ కడుపులోని ఆమ్లంలో గానీ కరగదు, అందుకే రక్తంలో కలవకుండా ఎలా వెళ్లిందో అలాగే బయటికి వచ్చేస్తుంది. శుద్ధి చేసిన ముగ్గురాయి సారమే ఆసుపత్రిలో బేరియం పరీక్షకు గ్లాసులో ఇచ్చే తెల్లటి ద్రవం. ఇప్పుడు ఎండోస్కోపీ వచ్చాక ఆ పరీక్ష తగ్గింది కానీ, మింగడం కష్టమైన రోగులకు ఇంకా చేస్తూనే ఉన్నారు.

మన వైపు చూద్దాం. రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో పెద్ద ఎక్స్-రే కేంద్రం అంటే మద్రాసు జనరల్ ఆసుపత్రిలోని బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్. 1934లో మొదలైంది. కెప్టెన్ బర్నార్డ్ పేరు మీద పెట్టారు. రాయలసీమలో అంతకు ముందే 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలసింది. క్షయను గుర్తించడానికి ఆ రోజుల్లో రొమ్ము ఎక్స్-రే ఒక ముఖ్యమైన సాధనం. 1950–55 మధ్య డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో ఆరోగ్యవరం బృందం మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జనానికి ఎక్స్-రేలు తీస్తూ క్షయ ఎంత ఉందో లెక్కగట్టింది. ఇలా మూకుమ్మడిగా తీసే ఎక్స్-రేలో ఒక ఉపాయం ఉంది. మనిషి రొమ్ము నీడ వెలిగే తెర మీద పడుతుంది. ఆ తెరను మామూలు కెమెరాతో చిన్న ఫిల్ము మీద ఫోటో తీస్తారు. పెద్ద ఫిల్ము ఖర్చు ఉండదు, వందల మందిని త్వరగా చూడొచ్చు. 1936లో బ్రెజిల్‌కు చెందిన మనోయెల్ ది అబ్రూ మొదలుపెట్టిన పద్ధతి ఇది. అంటే రాయలసీమ పల్లె జనం రొమ్ములను చూపించింది కూడా ఒక వెలిగే పొడే.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో స్క్రీనింగ్ అనే పరీక్ష ఉండేది. గది అంతా చీకటి. జింక్ కాడ్మియం సల్ఫైడు పూసిన తెర పసుపుపచ్చగా మసకమసకగా వెలిగేది. ఆ మసక వెలుగు చూడాలంటే డాక్టరు కళ్లు చీకటికి అలవాటు పడాలి. అందుకని పరీక్షకు ముందు అరగంట దాకా ఎర్రద్దాల కళ్లజోడు పెట్టుకుని కూర్చునేవాళ్లు. తర్వాత వెలుగును పెంచే యంత్రాలు, టీవీ తెరలు వచ్చాయి, ఆ కళ్లజోళ్లు పోయాయి. 1970ల్లో కాల్షియం టంగ్‌స్టేట్ స్థానంలో గడోలినియం, లాంథనం లాంటి అరుదైన మృత్తిక మూలకాల తెరలు వచ్చాయి. అవి అదే బొమ్మకు దాదాపు సగం కిరణంతోనే సరిపెట్టాయి. రోగికి తగిలే కిరణం తగ్గించిన ఘనత ఎక్కువ భాగం ఆ పొడులదే.

1980ల మొదట్లో జపాన్ కంపెనీ ఫ్యూజీ ఫిల్ము అవసరమే లేని క్యాసెట్ తెచ్చింది. అందులోని పలక మీద యూరోపియం కలిపిన బేరియం ఫ్లోరోబ్రోమైడ్ ఉంటుంది. మళ్లీ బేరియమే. ఎక్స్-రే తగిలినప్పుడు ఈ పొడి శక్తిలో కొంత భాగాన్ని దాచుకుంటుంది. తర్వాత ఎర్రటి లేజరు కిరణాన్ని దాని మీద నడిపిస్తే, దాచుకున్నదాన్ని నీలి వెలుగుగా విడిచిపెడుతుంది. ఆ వెలుగును కంప్యూటరు బొమ్మగా మారుస్తుంది. చిన్న ఊళ్ల ల్యాబుల్లో ఎక్స్-రే తీశాక టెక్నీషియన్ క్యాసెట్‌ను తీసుకెళ్లి ఒక పెట్టెలోకి దూర్చడం మీరు చూసే ఉంటారు. ఆ పెట్టెలో జరిగేది ఇదే. ఇంకా కొత్త యంత్రాల్లో సీసియం అయోడైడ్ స్ఫటికాలు ఈ పని చేస్తున్నాయి. వెలిగే పొడి లేకుండా ఎక్స్-రే తీసే ఆసుపత్రి నేటికీ అరుదు.

ముగ్గురాయి ఎక్స్-రే గది గోడల్లోకి కూడా వెళ్తుంది. కిరణం పక్క గదిలోకి పోకుండా సీసపు రేకు గానీ, మందమైన ఇటుక గోడ గానీ, ముగ్గురాయి పొడి కలిపిన గచ్చు, కాంక్రీటు గానీ వాడతారు. కిరణాన్ని ఆపే ఆ గుణమే ఇక్కడా అక్కరకొస్తుంది.

ఈ రాయి మన నేలలో ఉందని లోకానికి తెలిసింది నిన్నమొన్న కాదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన కూల్సన్ 1933లోనే దత్త మండలాల ముగ్గురాయి మీద ఒక పూర్తి గ్రంథం ప్రచురించాడు. దత్త మండలాలంటే కర్నూలు, కడప, అనంతపురం, బళ్లారి. మన వైపు రాతి చీలికల్లో పట్టీలుగా దొరుకుతుంది. కడప సీమలో ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేటలో ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి ఉంది. తవ్విన ముగ్గురాయిలో సింహభాగం పోయేది మాత్రం ఆసుపత్రులకు కాదు, చమురు బావులకు. బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి బరువైన బురద కావాలి. రంగులు, రబ్బరు పరిశ్రమలకూ కొంత పోతుంది. ఎక్స్-రేకు పోయేది చిటికెడు.

ఇంత దూరం వచ్చింది అసలు సంగతి చెప్పడానికే. బేరియం ఎక్స్-కిరణాన్ని ఆపుతుందని చెప్పుకున్నాం. ముగ్గురాయి తవ్వేవాళ్లూ, ముక్కలు కొట్టేవాళ్లూ, పౌడరు మిల్లులో సంచులు నింపేవాళ్లూ ఆ దుమ్ము పీలుస్తారు. అది ఊపిరితిత్తుల్లో చేరుతుంది. వాళ్లకు రొమ్ము ఎక్స్-రే తీస్తే ఆ దుమ్ము కిరణాన్ని ఆపుతుంది. ఫిల్ము మీద ఊపిరితిత్తుల నిండా చిక్కటి తెల్లని చుక్కలు కనబడతాయి. వైద్యులు దీన్ని బారిటోసిస్ అంటారు. బొమ్మ చూస్తే గుండె గుభేలుమంటుంది. అయితే స్వచ్ఛమైన ముగ్గురాయి దుమ్ము ఊపిరితిత్తిని పెద్దగా పాడుచేయదు. చాలామందికి ఆయాసం కూడా ఉండదు. ఆ పని మానేస్తే కొన్నేళ్లలో చుక్కలు పల్చబడతాయి.

మన రాళ్లు స్వచ్ఛంగా ఉండకపోవడమే చిక్కు. ముగ్గురాయి పట్టీల పక్కనే, వాటిలోనే తెల్లటి పలుగురాయి, అంటే క్వార్ట్జ్ ఉంటుంది. ఆ దుమ్ము మహా ప్రమాదం. దానివల్ల వచ్చే సిలికోసిస్ ఊపిరితిత్తిని గట్టిపరుస్తుంది, నయం కాదు, పైగా క్షయ ముప్పును పెంచుతుంది. ఎక్స్-రేలో ఇవన్నీ తెల్లమచ్చలే. బారిటోసిస్ ఏదో, సిలికోసిస్ ఏదో, క్షయ ఏదో తేల్చడానికి డాక్టరుకు బొమ్మ ఒక్కటే చాలదు. మనిషి ఏ రాతి మీద, ఎన్నేళ్లు పనిచేశాడో తెలియాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో కూర్చున్న డాక్టరుకు మీ మిల్లులో ఆడేది ముగ్గురాయో, బలపం రాయో, పలుగురాయో ఎలా తెలుస్తుంది? మీరు చెబితేనే తెలుస్తుంది. చెప్పకపోతే క్షయ కానిదానికి క్షయ మందులు నెలల తరబడి మింగాల్సి రావచ్చు. అంతకంటే ఘోరంగా, నిజమైన క్షయను రాతి దుమ్మే అనుకుని వదిలేయవచ్చు.

కాబట్టి డోన్, బేతంచెర్ల, ప్యాపిలి, వెల్దుర్తి ప్రాంతాల్లో రాతి పని చేసే అన్నలకూ అక్కలకూ నా మనవి ఇది. మొదటిది, రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. క్షయ పరీక్ష అక్కడ ఉచితం. ఎక్స్-రేతో పాటు తెమడ పరీక్ష కూడా చేయించుకోండి. రెండోది, డాక్టరు అడిగినా అడగకపోయినా, ఏ రాయి, ఎన్నేళ్లు, ఏ పని అన్నది మీరే చెప్పండి. మానేసి పదేళ్లయినా చెప్పండి. మూడోది, పాత ఎక్స్-రేలు పారేయకండి. రెండేళ్ల కిందటి బొమ్మను నేటి బొమ్మ పక్కన పెడితే, మచ్చలు పెరిగాయో లేదో డాక్టరుకు వెంటనే తెలుస్తుంది. దాంతో మళ్లీ మళ్లీ ఎక్స్-రే తీయించుకునే అవసరం తగ్గుతుంది. గర్భంతో ఉన్న ఆడవాళ్లు ఎక్స్-రే గదిలోకి వెళ్లే ముందే ఆ మాట చెప్పాలి. నాలుగోది, నోటికి చుట్టుకునే తుండుగుడ్డ సన్నటి దుమ్మును ఆపదు. రాతి పొడికి తగిన మాస్కు అడిగి తీసుకోండి.

గనుల యజమానులకూ ఒక మాట. గని కార్మికుడికి ఎప్పటికప్పుడు వైద్య పరీక్ష చేయించడం చట్టం పెట్టిన బాధ్యత. సిలికోసిస్ కనబడితే దాన్ని అధికారులకు తెలియజేయడం కూడా చట్టమే. రాయిని తడిపి తొలిస్తే, మిల్లుకు దుమ్ము పీల్చే యంత్రం పెడితే ఎక్స్-రేలో మచ్చలు పడే ముప్పు బాగా తగ్గుతుంది.

ఎక్స్-రే తీసినవాడు బొమ్మ మాత్రమే ఇస్తాడు. ఆ బొమ్మలోని తెలుపు ఏ రాతిదో చెప్పాల్సింది మీరే. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీ రాయి పేరు డాక్టరుకు చెప్పండి.